మెటాడోర్ చేసిన ఆత్మప్రదక్షిణం

ఎవరైనా తప్పు చేస్తే నలుగురికీ తెలియకుండా దాచుకుంటారు. నా తప్పుకు మాత్రం మా గుడి కమిటీవాళ్లు పెయింటర్‌ను పిలిపించి, పసుపు రేకు మీద ఎర్రక్షరాలతో బోర్డు రాయించి, గేటు పక్కన వేలాడదీశారు. సూర్యాపేట నుంచి కోదాడ పోయే బస్సుల్లో కిటికీ పక్కన కూర్చున్నవాళ్లంతా దాన్ని చదువుకుంటూ పోతున్నారు. బోర్డులో ఏముందో చివర్లో చెప్తాను. ముందు చాయ్ తాగండి, చల్లారిపోతుంది.

మా ఊరి చివర, హైవే పక్కన ఉన్న ఆంజనేయస్వామి గుడికి నేను పూజారిని. గుడి చిన్నది, స్వామి పెద్దవాడు, నా గొంతు ఇంకొంచెం పెద్దది. గొప్పకు చెప్పుకోవడం కాదు గానీ, శనివారం పొద్దున నేను మైకు పట్టుకుంటే మార్కెట్ యార్డులో వడ్లు తూచేవాళ్లు కూడా ఒక్క క్షణం చెయ్యి ఆపుతారట. గేటుకు ఎదురుగా, రోడ్డవతల బస్సు స్టాపు ఉంది. అక్కడ పదిమంది ఉంటే నా గొంతు ఒక మెట్టు ఎక్కుతుంది. ముప్పైమంది ఉంటే ఎక్కడ ఆగుతుందో నాకే తెలియదు.

"మీరు మంత్రం స్వామికి చదువుతారా, స్టాపులోవాళ్లకు చదువుతారా?" అని మా ఇంటావిడ అడుగుతుంది.

స్టాపులోవాళ్లలో కూడా స్వామి ఉన్నాడని నా జవాబు. ఆవిడ మళ్లీ బియ్యం ఏరుకుంటుంది.

ఈ చుట్టుపక్కల ఎవరు కొత్త బండి కొన్నా మొదట మా స్వామి దగ్గరికే తెస్తారు. సంకల్పంలో యజమాని గోత్రం, పేరు చెప్పి, ఆ వెంటనే బండి పేరు కూడా చెప్పడం నేను పెట్టిన పద్ధతి. వట్టి 'వాహనం' అంటే చాలదా అంటారు. చాలదు. పేరు పెట్టి పిలవవలసిన బిడ్డను 'బాలుడు' అని పిలిస్తే ఏ తల్లి ఊరుకుంటుంది?

చిక్కంతా ఇక్కడే. బండ్ల పేర్లన్నీ ఇంగ్లీషు మాటలే, అయినా ఊరు దాటితే మాట మారుతుంది. ట్రాక్టరు వెనక తగిలించేదాన్ని మా సూర్యాపేటలో డబ్బా అంటాం. కోదాడ పోతే అదే ట్రక్కు. మిర్యాలగూడ మిల్లుల దగ్గర ట్రైలర్. మొదట్లో నాకు ఇవన్నీ తెలియవు. కోదాడ ఆసామి ఒకాయన కొత్తది తెచ్చుకుంటే నేను మైకులో గంభీరంగా "నూతన డబ్బా" అన్నాను. ఆయన హారతి కళ్లకద్దుకోకుండా అట్లాగే నిలబడిపోయాడు.

"ఎంతో ముచ్చటపడి కొనుక్కున్నామండీ ట్రక్కు. దాన్ని పట్టుకుని డబ్బా అంటారేంటండీ?" అన్నాడు.

కళ్లల్లో నీళ్లొక్కటే తక్కువ. సంకల్పం మళ్లీ మొదటినుంచి చెప్పాను.

ఆ రోజు నుంచి పంచాంగం వెనక ఖాళీ పేజీల్లో రాసుకుంటూ వస్తున్నాను. ఇద్దరు ఎక్కి పోయే మోటార్ సైకిలు ఆత్మకూరు ముసలివాళ్లకు ఫట్‌ఫటి, కోదాడ కుర్రవాళ్లకు బైకు, మావాళ్లకు వట్టి బండి. బస్సునే ఒకరు సర్వీసు అంటారు, ఇంకొకరు మోటరు అంటారు. ఇప్పటికి నాలుగు పేజీలు నిండాయి. అందుకని కొత్త బండి గేటు ముందు ఆగగానే నా మొదటి ప్రశ్న ఒకటే: "మీ ఊళ్లో దీన్ని ఏమంటారు?" ఆ మాట అడిగితే చాలు, వాళ్ల మొహాలు వెలిగిపోతాయి. తమ బండిని తమ మాటతో స్వామికి పరిచయం చేసే పూజారి ఈ మూడు ఊళ్ల మధ్య నేనొక్కణ్ణే. ఈ గర్వం నాకు ఉండేది. ఇప్పుడు కూడా ఉంది, కాకపోతే నడుం నొప్పితో కలిసి ఉంది.

ఇక అసలు సంగతి. నెల కిందట ఒక శుక్రవారం.

ఆత్మకూరు లింగయ్య వచ్చాడు. పదమూడేళ్లు పరాయివాళ్ల లారీలు తోలినవాడు. ఇన్నాళ్లకు సొంతంగా, పద్నాలుగు మంది కూర్చునే కొత్త బండి కొన్నాడు. తెల్లటి బండి, సీట్ల మీద ప్లాస్టిక్ కవర్లు కూడా విప్పలేదు. లింగయ్య భార్య సైదమ్మ చేతిలో కొబ్బరికాయల బుట్ట పట్టుకుని, బండికి ఎక్కడ గీత పడుతుందోనని మూరెడు దూరంలో నడుస్తూ వచ్చింది.

లింగయ్య నా చెవి దగ్గరికి వచ్చి మెల్లగా చెప్పాడు. "అయ్యగారు, పది ఇరవైకి వర్జ్యం తగుల్తదట. అంతకు ముందే బండి కదలాలె. మొదటి కిరాయి ఆల్లే, సూడుండ్రి."

రోడ్డవతల స్టాపులో చూపించాడు. రామనర్సమ్మ అనే పెద్దావిడ, డెబ్బై ఏళ్ల మనిషి, తన కొడుకులూ కోడళ్లూ మనవలతో మూటలు ముందు పెట్టుకుని కూర్చుని ఉంది. కోదాడలో మునిమనవడి తొట్టెల ఫంక్షన్. లింగయ్య బండే కుదుర్చుకున్నారు.

"ముసలమ్మకు వర్జ్యం పట్టింపు జాస్తి. వర్జ్యం సొచ్చినంక కాలు బయట పెట్టదు. నేను లేట్ జేస్తే గా జీపు ఎక్కి పోతది," అన్నాడు లింగయ్య.

ఆ జీపు డ్రైవరు అప్పటికే ముసలమ్మ మూటల చుట్టూ తిరుగుతున్నాడు. "కోదాడ, కోదాడ" అని అరుపు ఒకవైపు, లింగయ్య బండి మీద చూపు ఇంకోవైపు.

"లారీ సేటుకు తాళం చెవి ఇచ్చేసి వచ్చిన అయ్యగారు. 'మొదటి కిరాయి దొరకబట్టినంక మాట్లాడు' అన్నడు. అడ్డా మీద అందరు గదే సూస్తున్నరు. మొదటి కిరాయే తప్పిపోతే ఇగ ఈ బండి మొకం ఎవడు సూస్తడు?"

"నేనున్నాను కదా," అన్నాను.

ఆ 'నేను' ఉండటమే అసలు ఇబ్బంది అని అప్పుడు ఇద్దరికీ తెలియదు.

మామూలుగా బండి పూజ గేటు బయటే చేస్తాను. బండిని గోడవారగా, మూతి రోడ్డు వైపు పెట్టించి, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి, పూజ అయ్యాక ముందుకు తోలించేస్తాను. నిమ్మకాయలు నలుగుతాయి, బండి రోడ్డెక్కుతుంది. ఇరవై ఏళ్లుగా ఇంతే. కానీ ఆ శుక్రవారం స్టాపులో నలభైమంది దాకా ఉన్నారు. అంతమంది ఉండగా మైకు లేకుండా సంకల్పం చెప్పడానికి నాకు మనసొప్పలేదు. మైకు వైరు చూస్తే ధ్వజస్తంభం దాటి రాదు. వైరు బండి దగ్గరికి రాకపోతే బండే వైరు దగ్గరికి రావాలి.

"లోపలికి తీసుకురా లింగయ్యా. ఇంత కష్టపడి కొన్నావు, స్వామికి ఎదురుగా నిలబెడదాం. ఆయన చూపు తిన్నగా నీ బండి హెడ్‌లైట్ల మీద పడాలి," అన్నాను.

లింగయ్య మురిసిపోయాడు. గేటులోంచి సూటిగా లోపలికి తెచ్చాడు. బండి మూతికీ ధ్వజస్తంభం గద్దెకూ మధ్య జానెడు దూరంలో ఆపాడు. ఎడమ పక్కన వంటగది, కుడి పక్కన బావి చప్టా, వెనక గేటు.

లింగయ్యతో పాటు మస్తాన్ వచ్చాడు. మిర్యాలగూడ మనిషి. లింగయ్యకు స్టీరింగు పట్టడం నేర్పిన ఉస్తాదు. వయసు అరవై, మాట తక్కువ. ఆయన బండి మూతినీ, గద్దెనూ, నన్నూ వరసగా చూశాడు.

"పంతులూ, ముందట జాగ లేదు మల్ల," అన్నాడు.

"ముందర స్వామి ఉన్నాడు మస్తాన్. జాగా ఎందుకు?" అన్నాను.

స్టాపు దాకా వినిపించిందా లేదా అని ఒకసారి అటు చూశాను కూడా. బాగా వచ్చింది మాట. ఎవరో చప్పట్లు కొట్టినట్టు గుర్తు.

మస్తాన్ బీడీ జేబులో పెట్టుకుని పక్కకు జరిగాడు.

నేను పంచాంగం తీసి, నా ప్రశ్న అడిగాను. "లింగయ్యా, మీ ఊళ్లో దీన్ని ఏమంటారు?"

"మెటాడోర్ అయ్యగారు."

"మెటాడోర్ ఏంటి బావా?" అంటూ సైదమ్మ తమ్ముడు వెంకటేశ్వర్లు ముందుకు వచ్చాడు. కోదాడలో ఉంటాడు, అక్కడి మాట అంటుకుంది. "వ్యానండీ ఇది. మా కోదాడలో ఏ పిల్లాణ్ణి అడిగినా వ్యాననే చెప్తాడు."

"బండి నాదిరా, కోదాడది కాదు."

"కిరాయికి పోయేది కోదాడకే కద బావా. అక్కడికి పోయి మెటాడోర్ వచ్చిందంటే ఎవరెక్కుతారు?"

"ఎక్కేటోళ్లు గాడ కూసున్నరు, సూడు. ఆల్లను అడుగు."

మస్తాన్ బావి చప్టా మీద నుంచే అన్నాడు. "టెంపో అంటరు దీన్ని. ముప్పై ఏండ్ల సంది తోలుతున్న. మీ ఇద్దరికి ఏం ఎరుక?"

సైదమ్మ బుట్ట కింద పెట్టింది. "ఏదో ఒకటి అనుండ్రి, టైమైతున్నది."

"కాయితంల ఏముందో అదే సదువుదం," అని లింగయ్య జేబులోంచి కాగితం తీశాడు. కొత్త బండి కదా, ఇంకా నంబరు రాలేదు, తాత్కాలికంగా ఇచ్చిన కాగితం. అందులో చూస్తే ఇంగ్లీషులో 'ఆమ్నీ బస్' అని ఉంది.

"బస్సా?" అన్నాడు వెంకటేశ్వర్లు. "బావా, నువ్వు బస్సు కొన్నావా?"

లింగయ్య కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. తాను ఏం కొన్నాడో ఆ నిమిషంలో ఆయనకే అనుమానం వచ్చినట్టుంది.

ఇట్లాంటప్పుడే పూజారి గొప్పతనం తెలిసేది. నేను చెయ్యెత్తాను. "ఎవరూ పోట్లాడొద్దు. స్వామికి వెయ్యి పేర్లున్నాయి. ఆయన ముందుకొచ్చిన బండికి నాలుగు ఉంటే తప్పేమిటి?"

మైకు అందుకున్నాను. గొంతు సవరించుకున్నాను. స్టాపులో తలలన్నీ ఇటు తిరిగాయి.

"మెటాడోర్ ఇతి, వ్యాన్ ఇతి, టెంపో ఇతి, ఆమ్నీ బస్ ఇతి చ ప్రసిద్ధస్య అస్య నూతన వాహనస్య..."

ఆ వరస పలికినప్పుడు, నిజం చెప్తున్నాను, నాకే ఒళ్లు జలదరించింది. లింగయ్య చేతులు జోడించాడు. 'వ్యాన్' వచ్చినప్పుడు వెంకటేశ్వర్లు తలెత్తాడు. 'టెంపో' వచ్చినప్పుడు మస్తాన్ చప్టా మీద నుంచి లేచి నిలబడ్డాడు. ఆగిన బస్సులోంచి కండక్టరు కూడా తల బయటికి పెట్టి విన్నాడు. అంతమంది వింటుంటే పూజ అంతటితో ముగించడం అన్యాయం కదా. చిన్న ఉపన్యాసం అందుకున్నాను.

"భక్తులారా, కొత్త బండి తొలి అడుగు ఎప్పుడూ ముందుకే పడాలి. పసిబిడ్డ తొలి అడుగు వెనక్కి వేస్తుందా? వెయ్యదు. తొలి అడుగు వెనక్కి పడిన బండికి జీవితమంతా వెనకడుగే."

మళ్లీ చెప్తున్నాను, ఇది నేనే చెప్పాను. మైకులో చెప్పాను. రెండుసార్లు చెప్పాను, ఎందుకంటే మొదటిసారి చెప్పేటప్పుడు లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది.

ముందు అద్దం కింద పసుపుతో స్వస్తిక్ వేశాను, బంతిపూల దండ వేశాను, కొబ్బరికాయ కొట్టాను, బూడిద గుమ్మడికాయ దిష్టి తీశాను. నాలుగు చక్రాల ముందు నాలుగు నిమ్మకాయలు పెట్టాను. హారతి ఇచ్చాను.

"ఇంక ఎక్కు లింగయ్యా. జై ఆంజనేయ అని ముందుకు పోనీ."

లింగయ్య ఎక్కాడు. తాళం తిప్పాడు. ఇంజన్ మొదటి దెబ్బకే అందుకుంది. గేరు మీద చెయ్యి పెట్టాడు. పెట్టి, అట్లాగే ఉండిపోయాడు.

అద్దంలోంచి ఆయన నన్ను చూశాడు. నేను ఆయన్ను చూశాను. మా ఇద్దరి మధ్య ధ్వజస్తంభం ఉంది.

లింగయ్య కిటికీలోంచి తల బయటికి పెట్టి, చాలా మెల్లగా అడిగాడు. "అయ్యగారు, ఎనుకకు తియ్యాల్నా?"

మెల్లగానే అడిగాడు పాపం. కానీ మైకు నా చేతిలోనే ఉంది, ఆపలేదు. 'ఎనుకకు తియ్యాల్నా' అన్న మాట మా బాకాలోంచి మార్కెట్ యార్డు దాకా పోయింది.

స్టాపులోంచి ముందు జీపు డ్రైవరు గొంతు వినిపించింది. "అరె, పంతులు బండిని గుళ్లె కట్టేసిండ్రో. ఇగ ఎడ్లబండి లెక్క ఊరేగింపే."

నవ్వులు మొదలయ్యాయి. రామనర్సమ్మ మాత్రం నవ్వలేదు. పక్కనున్న కొడుకును టైమెంతయిందని అడగడం కనిపించింది. జీపు డ్రైవరు ఆమె మూట ఒకటి అప్పుడే చేతిలోకి తీసుకున్నాడు.

మా గుడి గడియారంలో పదీ ఐదు.

సైదమ్మ బండి ముందుకు వచ్చి జానెడు జాగాను తన జానతోనే కొలిచింది. తర్వాత ఆ జానను అట్లాగే ఎత్తి నాకు చూపించింది. తిట్టి ఉంటే బాగుండేది.

"ఏముందండీ, ఒక అడుగు వెనక్కి తీసి తిప్పేస్తే సరి," అన్నాడు వెంకటేశ్వర్లు.

"నీ బండైతే తియ్యి," అన్నాడు లింగయ్య. "ఇప్పుడే గదరా అయ్యగారు మైకుల చెప్పింది, జీవితమంత ఎనుకడుగే అని. గింతమంది ఇన్నరు. ముసలమ్మ ఇన్నది. రివర్స్ ఏస్తే ఆమె ఎక్కుతదా ఈ బండి?"

అందరూ నా వైపు చూశారు. పరిహారం ఏదైనా చెప్తానని వాళ్ల ఆశ. శాస్త్రంలో దేనికైనా పరిహారం ఉంటుంది గానీ, ధ్వజస్తంభానికి మూతి ఆనించి బండి నిలబెట్టిన పూజారికి పరిహారం ఎక్కడా రాసినట్టు లేదు. పంచాంగం పేజీలు ఊరికే తిప్పాను. ట్రక్కు, ట్రైలర్, ఫట్‌ఫటి కనిపించాయి. ఒక్క మాటా పనికి రాలేదు.

"స్వామీ," అని మనసులో అన్నాను, "నన్ను ఎట్లాగైనా నవ్వులపాలు చెయ్యి. నాకు అలవాటే. లింగయ్యను మాత్రం చెయ్యకు."

అప్పుడు మస్తాన్ లుంగీ ఎగ్గట్టాడు.

"ఎనుకకు పోవద్దు, ముందటికి జాగ లేదు. అంతే గద? ఎత్తి తిప్పుదం."

"బండినా?" అన్నాను.

"మరి స్తంభాన్నా?" అన్నాడు మస్తాన్.

రోడ్డు మీదికి పోయి చెయ్యి ఊపాడు. స్టాపులో ఉన్న మగవాళ్లంతా చెప్పులు గేటు బయట విడిచి లోపలికి వచ్చారు. అప్పటిదాకా నవ్వినవాళ్లే. బస్సు ఒకటి వచ్చి ఆగితే ఎక్కేవాడు లేక కండక్టరు దిగి వచ్చాడు, ఆ వెనకే డ్రైవరూ వచ్చాడు. నేను కండువా నడుముకు బిగించాను. లింగయ్య దిగుతానంటే, "నువ్వు దిగకు, స్టీరింగు వదలకు," అన్నాడు మస్తాన్.

మొదట వెనక భాగం పట్టుకున్నాం. మస్తాన్ "ఒకటి, రెండు" అని లెక్క పెడుతున్నాడు. అప్పుడు మొదలైంది మళ్లీ.

"మెటాడోర్ ఎనుక బంపర్ పట్టుండ్రి!"

"వ్యాను డోరు వదలండి, డోరు ఊడొస్తుంది!"

"టెంపో బరువంత ఇటే ఉన్నది, ఈడికి ఇద్దరు రాండ్రి."

బస్సు డ్రైవరు బంపరు కింద నుంచి మూలిగాడు. "పేరేదన్న గాని, లేపుండ్రి ముందు."

లేచింది. వెనక చక్రాలు నేల వదిలాయి. మూరెడు కుడికి జరిగి దిగాయి. ఇంకోసారి లేపాం, ఇంకో మూరెడు. అప్పుడు నాకు మెరుపులా ఒక ఆలోచన వచ్చింది. పూజ చివర మనమంతా ఏం చేస్తాం? నిలబడ్డ చోటే మన చుట్టూ మనం తిరుగుతాం. ఆత్మప్రదక్షిణం. తొందరలో నేను వదిలేసిన ఉపచారం సరిగ్గా అదే. స్వామి దాన్ని వదల్లేదన్నమాట.

పరుగెత్తి మైకు అందుకున్నాను. "ఆగండి! తిప్పేది తప్పు దిక్కు. వెనక భాగం ఎడమకు పోవాలి. ప్రదక్షిణంగా తిరగాలి."

బండి మోస్తున్నవాళ్లంతా నా వైపు చూసిన ఆ చూపు నేను ఈ జన్మలో మరచిపోను.

"పంతులూ," అన్నాడు మస్తాన్, మెడనరాలు పొంగి ఉన్నాయి, "ముందే చెప్పద్దా?"

కానీ తిప్పారు. దేవుడి మాట కదా. రెండు మూరలు పోయినదాన్ని మళ్లీ యథాస్థానానికి తెచ్చి, అక్కడి నుంచి ఎడమకు మొదలుపెట్టారు. వెనక ఒకసారి ఎత్తి ఎడమకు, ముందర ఒకసారి ఎత్తి కుడికి. నేను ఒక చేత్తో మైకు, ఒక చేత్తో బంపరు. "ఇది ఆత్మప్రదక్షిణం భక్తులారా, ఇది వాహనానికి ఆత్మప్రదక్షిణం" అని చెప్తూనే ఉన్నాను. నా మాటలకు మధ్య మధ్య ఆయాసం తోడైంది. స్టాపులో ఉన్న ఆడవాళ్లు గోవిందలు పెట్టారు. ఆంజనేయస్వామి గుడిలో గోవిందలేమిటని అడిగే ఓపిక ఎవరికుంది?

బండి మూతి గేటు వైపు తిరిగింది. గడియారంలో పదీ పద్నాలుగు.

నాలుగు నిమ్మకాయల్లో ఒకటి ఎవరి కాలి కిందో నలిగింది. మిగతా మూడూ కడిగి, మా ఇంటావిడ పులిహోరకు దాచుకున్న నిమ్మకాయను నాలుగోది చేసి, మళ్లీ చక్రాల ముందు పెట్టాను. లింగయ్య "జై ఆంజనేయ" అన్నాడు. నాలుగూ ఒకేసారి పటపటమన్నాయి. ఇరవై ఏళ్లలో అంత చక్కగా నలిగిన నిమ్మకాయలు నేను చూడలేదు.

బండి రోడ్డు దాటి స్టాపు ముందు ఆగింది. జీపు డ్రైవరు చేతిలో ముసలమ్మ మూట ఇంకా అట్లాగే ఉంది.

రామనర్సమ్మ లేచింది. బండి చుట్టూ ఒకసారి చూసింది. తర్వాత, రోడ్డు దాటి చెమటలు కక్కుకుంటూ వచ్చిన నన్ను చూసింది.

"అయ్యగారూ, నాకొక అనుమానం. మన చుట్టు మనం తిరిగితే మల్ల దేవుని దిక్కే మొకం వస్తది గద? మీ మోటరు సగమే తిరిగె. ఈపు దేవుని దిక్కు పెట్టి వచ్చె."

నలభైమందీ మళ్లీ నా వైపే. లింగయ్య స్టీరింగు మీద తల ఆనించాడు.

ఈ జవాబు నా నోట ఎవరు పలికించారో నాకు ఇప్పటికీ తెలియదు. స్వామే అయి ఉంటాడు, ఎందుకంటే నాకు అంత తెలివి లేదని పొద్దుటి నుంచీ రుజువవుతూనే ఉంది.

"మిగతా సగం మీరే తిప్పాలమ్మా. కోదాడ పోయి, మునిమనవణ్ణి తొట్టెలలో వేసి, సాయంత్రం ఈ బండిలోనే తిరిగి వచ్చి స్వామికి ఎదురుగా దిగండి. అప్పుడు ప్రదక్షిణం పూర్తవుతుంది."

ముసలమ్మ ఒక నిమిషం ఆలోచించింది. అంత పొడుగు నిమిషం ఏ పంచాంగంలోనూ లేదు.

"గింతమంది భుజం పట్టి లేపిన మోటరు నడిమిట్ల ఆగుతదా? ఆగదు," అంది. జీపు డ్రైవరు చేతిలోంచి మూట లాక్కుంది. "ఎక్కుండ్రి అందరు. వర్జ్యం సొరకముందే ఊరు దాటాలె."

పదీ పద్దెనిమిదికి బండి కదిలింది. సైదమ్మ అక్కడే రోడ్డు పక్కన కూర్చుని కొంగుతో కళ్లు ఒత్తుకుంది. మస్తాన్ జేబులోంచి నలిగిపోయిన బీడీ తీసి, దాన్ని చూసి, మళ్లీ లోపల పెట్టుకున్నాడు.

సాయంత్రం దీపాల వేళకు బండి తిరిగి వచ్చింది. ఈసారి గేటు బయటే ఆగింది, మూతి మాత్రం స్వామి వైపు. రామనర్సమ్మ దిగి దండం పెట్టి, తొట్టెల ఫంక్షన్ బెల్లం ముక్క నా చేతిలో పెట్టింది. "పూర్తయింది," అంది. మరునాటి నుంచి అడ్డా మీద ఆ బండికి ఇంకో పేరు పడింది: 'ప్రదక్షిణం బండి'. పంచాంగం వెనక అదీ రాసుకున్నాను. లింగయ్యకు కిరాయిల మధ్య అన్నం తినే తీరిక లేదట. స్వామి దయ.

ఇంతటితో ఆగితే ఎంత బాగుండేది.

తర్వాతి మంగళవారం ఒకాయన కొత్త జీపు తెచ్చాడు. పూజ అంతా అయ్యాక, నిమ్మకాయలు పెట్టబోతుంటే ఆపాడు. "అయ్యగారు, గా ఎత్తి తిప్పుడు ఎప్పుడు?" అన్నాడు. అది ప్రతి బండికీ అక్కర్లేదని చెప్పబోయాను. "లింగయ్య బండికి చేసిండ్రు, మాకు చేయరా? మేం ఏం తక్కువ?" అన్నాడు. ఏం చెప్పమంటారు? ఆ రోజు నేను మైకు వైరు పొట్టిగా ఉందని బండిని లోపలికి తెప్పించి ఇరుక్కుపోయానని చెప్పాలా? చెప్తే ముసలమ్మ నమ్మకం ఏం కావాలి, లింగయ్య బండి పేరు ఏం కావాలి? తిప్పాం.

నెల తిరిగేసరికి పదకొండు బండ్లు ఆత్మప్రదక్షిణం చేశాయి. అందుకే కమిటీవాళ్లు కూర్చుని బోర్డు రాయించారు. బండ్ల పేర్లు రాద్దామంటే మూడు ఊళ్ల మెంబర్ల మధ్య మాట కుదరలేదు. చివరికి ఇట్లా రాశారు:

'ఇచ్చట సకల వాహనములకు ఆత్మప్రదక్షిణము చేయించబడును. ఎత్తువారిని భక్తులే తెచ్చుకొనవలెను.'

"ఆ రోజు ముందర స్తంభం ఉందని చూసుకుని ఉంటే ఇదంతా ఉండేదా?" అంటుంది మా ఇంటావిడ, నా నడుముకు కాపడం పెడుతూ. మైకు వైరు కోసమే బండిని లోపలికి రప్పించానన్న నిజం తెలిసింది ఆవిడకూ, మస్తాన్‌కూ, ఇప్పుడు మీకూ.

నిన్న హాలియా నుంచి ఒక రైతు మనిషిని పంపించాడు. కొత్తగా కొన్న వరికోత మిషను వచ్చే శుక్రవారం తెస్తున్నాడట, ప్రదక్షిణం తప్పకుండా జరగాలట. ఇదివరకైతే నేను వెంటనే పంచాంగం తీసి, "మీ ఊళ్లో దాన్ని ఏమంటారు?" అని అడిగేవాణ్ణి.

ఇప్పుడు నా మొదటి ప్రశ్న మారింది. "ఎంత బరువుంటుంది నాయనా?"